పార సంగతి ఎవరూ అడగరు

గుల్మార్గ్‌లో స్కీయింగ్‌కి బయల్దేరే హైదరాబాదు కుర్రాళ్లు ఫోను చేసి అడిగేది ఎప్పుడూ ఒకటే. ఏ బీకన్ మంచిది? దీని రేంజి యాభై మీటర్లట, దానిది డెబ్భై అట, పదివేలు ఎక్కువైనా డెబ్భైదే తీసుకోమంటారా? బ్లూటూత్ ఉండాలా? బరువు ఎన్ని గ్రాములు? రంగు సంగతి అడిగినవాళ్లూ ఉన్నారు. పార గురించి అడిగినవాడు మాత్రం ఇంతవరకు తగల్లేదు. మంచులో కూరుకుపోయిన మనిషిని బయటికి తీసేది పార. ఒంటికి కట్టుకునే సిగ్నల్ పెట్టె బీకన్ చోటు చెబుతుంది, అంతే. ఆ తర్వాత తవ్వాలి. ఒళ్లు హూనమయ్యేలా తవ్వాలి. ఈ మాటంటే అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత వచ్చే జవాబు: "అది గైడ్ దగ్గరుంటుంది కదన్నా."

గైడే మంచు కింద ఉంటే?

ఈ ప్రశ్న వేస్తే అపశకునం పలికినట్టు చూస్తారు. చూడనీండి. 2023 ఫిబ్రవరి 1న గుల్మార్గ్ పైనున్న అఫర్వాత్ వాలు మీద మంచుచరియ విరుచుకుపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మరుసటేడు మళ్లీ ఫిబ్రవరిలోనే ఒక రష్యన్ స్కీయర్ పోయాడు. అక్కడి గొండోలా కేబుల్ కారు రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి నిమిషాల్లో చేరుస్తుంది. గస్తీ ఉండే దారి వదిలి పక్కకి జారితే చాలు, అదే బ్యాక్‌కంట్రీ. అక్కడ కంచె ఉండదు, కాపలా ఉండదు, పక్కనున్న నలుగురు తప్ప దిక్కు ఉండదు. ఆ నలుగురి చేతుల్లో ఉన్న సామాను పనిచేస్తుందా, ఆ చేతులకి దాన్ని వాడటం వచ్చా అన్నదే నా గొడవంతా.

ముందు గడియారం లెక్క. 1994లో 'నేచర్' పత్రికలో ఫాల్క్, బ్రుగ్గర్, ఆడ్లర్-కాస్ట్నర్ అనే ముగ్గురు స్విట్జర్లాండ్ ప్రమాదాలను తవ్వి తీసి ఒక గీత గీశారు. పూర్తిగా కూరుకుపోయినవాళ్లలో పావుగంటకి 92 శాతం మంది బతికుంటారు. ముప్పై అయిదు నిమిషాలకి 30 శాతమే మిగులుతారు. అప్పటినుంచి 'పావుగంట' అన్నది స్కీయింగ్ బడుల్లో వేదవాక్కయింది. 2024లో 'జామా నెట్‌వర్క్ ఓపెన్'లో అదే దేశపు నలభై ఏళ్ల లెక్కలు, 1981 నుంచి 2020 దాకా, మళ్లీ తీశారు. పావుగంట కూడా లేదని తేలింది. పదో నిమిషం దాకా 91 శాతం, ముప్పయ్యో నిమిషానికి 31. ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది. పక్కనున్న తోటివాళ్లు తీసేసరికి పట్టే సమయం పదిహేను నుంచి పది నిమిషాలకి తగ్గింది. బయటినుంచి వచ్చే రక్షణ దళానికి పట్టే సమయం నూట యాభై మూడు నుంచి తొంభైకి తగ్గింది. తగ్గాక కూడా తొంభై! ఊరూరా హెలికాప్టర్లు, కుక్కలు, శిక్షణ పొందిన దళాలున్న స్విట్జర్లాండ్‌లో సంగతి అది. కాశ్మీరు కొండల్లో మనం ఎవరికోసం ఎదురుచూస్తున్నాం?

పది నిమిషాలు. ఇందులో అరుపులు, గాభరా, ఎవడు ఉన్నాడు ఎవడు లేడని తలలు లెక్కపెట్టడం, రెండో చరియ వస్తుందేమోనని పైకి చూడటం, బీకన్లన్నీ సిగ్నల్ పంపే సెండ్ నుంచి వెతికే సెర్చ్‌లోకి మార్చడం, సిగ్నల్ పట్టడం, చివరి మూడు మీటర్లు మంచుకి ఆనించి నెమ్మదిగా వెతకడం, ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ జోడించి గుచ్చడం, తగిలాక తవ్వడం, ముఖం దగ్గర మంచు తీసి ఊపిరి ఆడనివ్వడం, అన్నీ పట్టాలి. మీటరు లోతులో ఉన్న మనిషి కోసం టన్నుకి పైగా మంచు ఎత్తిపోయాలి. అది రాత్రి కురిసిన దూదిమంచు కాదు. జారి ఆగిన క్షణంలోనే బిగుసుకుపోయి గోడలా తయారయ్యే మంచు. ఈ పని మొత్తంలో ఎక్కువ నిమిషాలు మింగేది తవ్వకమే. బీకన్‌తో వెతకడంలో అరనిమిషం మిగుల్చుకోవడానికి పదివేలు పోసేవాడు, తవ్వకంలో అయిదు నిమిషాలు పారబోసే ప్లాస్టిక్ పారని సంచికి తగిలించుకుని తిరుగుతాడు. దీన్ని అమాయకత్వం అనను. లెక్కలేనితనం అంటాను.

అంగడిలో పోల్చి చూపే పట్టికలే ఈ జబ్బుకి మూలం. రేంజి అని రాసే సంఖ్య, పంపే బీకన్, వెతికే బీకన్ రెండింటి యాంటెన్నాలూ చక్కగా ఒకదానికొకటి సరిపడేలా ఉన్నప్పటిది. మంచు కింద పడ్డవాడు మనకి అనుకూలంగా తిరిగి పడుకోడు. ఈ పరికరాలన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. దాని అయస్కాంత క్షేత్రం వంకర గీతల్లో వ్యాపిస్తుంది కాబట్టి బీకన్ మనల్ని తిన్నగా కాకుండా వంపు తిప్పుతూ తీసుకెళుతుంది. యాంటెన్నా అడ్డం తిరిగితే అదే డెబ్భై మీటర్ల సరుకు సగం దూరంలో కూడా మూగబోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు రేంజి చూడరు, ఒక్క విసురులో ఎంత వెడల్పు గాలించగలమో చూస్తారు. ఆ సంఖ్య పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఎందుకు ఉండదో మీరే ఊహించుకోండి.

సెల్‌ఫోను సంగతి మరీ దారుణం. బీకన్ పంపుతున్నప్పుడు ఫోను, కెమెరా, వేడిచేసే చేతితొడుగులు, రేడియో ఇరవై సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతుకుతున్నప్పుడు యాభై సెంటీమీటర్లు. ఇది బీకన్ తయారుచేసేవాళ్లు చెప్పే నియమమే. మనవాళ్లు ఛాతీకి బీకన్ కట్టుకుని, దాని మీద జేబులో ఫోను పెట్టుకుని, భుజం పట్టీకి గోప్రో బిగించి, ఇవన్నీ ఆన్‌లో ఉంచి, 'సేఫ్టీ ఫస్ట్' అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. వాళ్ల దృష్టిలో బీకన్ ఒక తాయెత్తు. కట్టుకుంటే చాలు, పనిచేయక్కర్లేదు.

పొద్దున్నే బయల్దేరేముందు చేసే 'బీకన్ చెక్' చూశారా? గైడ్ మధ్యలో నిలబడతాడు, అందరూ చుట్టూ మూగుతారు, ఎక్కడినుంచో ఒక కూత వినిపిస్తుంది, "ఓకే, చలో!" అంతే. తూతూ మంత్రం. ఎవరి కూత ఎవరిదో తెలియదు. పదిమంది ఒకచోట గుమిగూడితే ఒక్క బీకన్ పనిచేసినా పదీ పనిచేసినట్టే వినిపిస్తుంది. చేయాల్సిన పద్ధతి వేరు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉంచి ఒక్కొక్కరూ దాటుకుంటూ పోవాలి. మొదట అందరూ సెర్చ్‌లో, నాయకుడొక్కడే సెండ్‌లో. తర్వాత అందరూ సెండ్‌లో, నాయకుడు సెర్చ్‌లో. ఆఖర్న నాయకుడు మళ్లీ సెండ్‌లోకి మారాడో లేదో ఇంకొకరు కళ్లారా చూడాలి. ఆ ఆఖరి అంకం మరిచిపోతే రోజంతా మూగబీకన్‌తో తిరిగేది గైడే. కొన్ని బీకన్లలో ఉండే గ్రూప్ చెక్ ఎదుటివాడి సిగ్నల్ ఫ్రీక్వెన్సీ అదుపులో ఉందో లేదో కూడా చెబుతుంది. పాత సెట్లు ఏళ్లు గడిచేకొద్దీ 457 నుంచి అటూ ఇటూ జరుగుతాయి. పాతదాని కూత పాతదానికి వినిపిస్తుంది, కొత్తదానికి అందదు. ఈ తేడా కొండ మీద బయటపడితే దాని ఖరీదు ఒక ప్రాణం.

అంత పద్ధతిగా చూసుకున్నా సరిపోదని కెనడాలో రుజువైంది. 2020 మార్చిలో బ్రిటిష్ కొలంబియాలోని పెంబర్టన్ దగ్గర సినిమా చిత్రీకరణలో ఒక పేరున్న స్కీయర్ మంచు కింద పడ్డాడు. బృందమంతా ఆరితేరినవాళ్లు, పొద్దున్న బీకన్లు సరిచూసుకున్నవాళ్లు. వెతికితే సిగ్నల్ లేదు. ప్రోబ్‌లు గుచ్చుకుంటూ పోతే తగిలాడు, బతికాడు. బయటికి తీసి చూస్తే అతని పీప్స్ డీఎస్పీ బీకన్ సెండ్‌లో లేదు, స్విచ్ జారిపోయింది. అంతకు మూడేళ్ల ముందు, 2017లో, ఆ రాష్ట్రంలోనే ఇంకో స్కీయర్ చనిపోయినప్పుడు అతని దగ్గరున్నదీ ఆ కోవ బీకనే, అదీ సెండ్‌లో దొరకలేదు. 2020 శరదృతువులో తోటి స్కీయర్లు బాహాటంగా మాట్లాడేదాకా ఈ సంగతి లోకానికి పట్టలేదు. 2021 ఏప్రిల్‌లో గానీ అమెరికా, కెనడాల్లో ఆ సెట్లను వెనక్కి పిలవలేదు. మందు ఏమిటయ్యా అంటే స్విచ్ జారకుండా పట్టే గట్టి కొత్త తొడుగు! ఒక ప్లాస్టిక్ తొడుగు. మనిషి పోయిన నాలుగేళ్లకి. మరుసటేడు పీప్స్ సంస్థవే మరికొన్ని బ్లూటూత్ బీకన్లకీ రీకాల్ వచ్చింది, ఈసారి సెండ్ నుంచి సెర్చ్‌లోకి మారడం లేదని.

ఇవన్నీ ప్రమాణాల ముద్రతో అంగట్లోకి వచ్చినవే. ఐరోపా ప్రమాణం ఏమంటుంది? ప్లస్ పది డిగ్రీల చలిలో 200 గంటలు సిగ్నల్ పంపాలి, ఆపైన మైనస్ పది డిగ్రీల్లో గంటసేపు వెతకగలగాలి. ఫ్రీక్వెన్సీ ఇంతకు మించి జరగకూడదు. మంచి పరీక్షలే. కానీ ఏ ప్రయోగశాలా ఆ పెట్టెను నాలుగు శీతాకాలాలు వాడి, రెండుసార్లు రాతి మీద జారవిడిచి, తడి జాకెట్ కింద నలిపి, ఆ తర్వాత మీ చేతికి ఇవ్వదు. ఆ పరీక్ష చేయాల్సింది వాడేవాడే. స్విచ్ మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, అటూ ఇటూ తోసి, జారుతుందేమో చూసేందుకు ఇంజనీరింగ్ పట్టా అక్కర్లేదు. ఒకణ్ణి సెండ్‌లో నిలబెట్టి, దూరంనుంచి సెర్చ్‌లో నడుచుకుంటూ వచ్చి, ఎన్నో అడుగులో సిగ్నల్ తగిలిందో రాసుకుని, బీకన్ అడ్డం తిప్పి మళ్లీ నడిచి, పోయినేటి అంకెతో పోల్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. లోపలి ఫెరైట్ కడ్డీకి బీట వారితే పైకి ఏమీ కనిపించదు, స్క్రీన్ చక్కగా వెలుగుతూనే ఉంటుంది. ఈ అంకె మాత్రం పడిపోతుంది.

ఇక అద్దె సామాను. ఒక యాత్రా నిర్వాహకుడు నా చేతిలో పెట్టిన బీకన్ వెనక మూత తీస్తే బ్యాటరీ మొనల దగ్గర పచ్చటి తుప్పు. ఒకటి ఒక కంపెనీ బ్యాటరీ, రెండోది ఇంకో కంపెనీది, మూడోది రీఛార్జబుల్. అడిగితే "సార్, తొంభై శాతం చూపిస్తోంది కదా" అన్నాడు. చూపిస్తుంది నాయనా! చాలా సెట్లలో ఆ శాతం ఆల్కలైన్ బ్యాటరీని లెక్కలో పెట్టుకుని కట్టింది. రీఛార్జబుల్ వోల్టేజీ చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా కూలిపోతుంది. తొంభై చూపిస్తూనే చచ్చిపోతుంది. రెండు రూపాయలు మిగులుతాయని ఎదుటివాడి ఊపిరితో జూదమాడటం ఏ వ్యాపారమో నాకు అర్థం కాదు. ఆ సెట్ రీకాల్ జాబితాలో ఉందో లేదో, సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మార్చారో అడిగితే ఆయన నావైపు చూసిన చూపు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది.

పార దగ్గరికి వద్దాం. స్విట్జర్లాండ్‌కు చెందిన మాన్యుయెల్ గెన్స్వైన్ మంచులోంచి మనుషుల్ని తీయడం మీదే జీవితం పెట్టినవాడు. నార్వే పరిశోధకురాలు రాగ్నహిల్డ్ ఐదేతో కలిసి ఆయన తవ్వే పద్ధతినే మార్చాడు. ప్రోబ్ తగిలిన చోట అది పీకకుండా అలాగే ఉంచి, వాలు దిగువవైపు అందరూ 'వి' ఆకారంలో నిలబడతారు. మొనలో ఉన్నవాడు మంచు కోస్తాడు, వెనకవాళ్లు దాన్ని వెనక్కి వెనక్కి తోస్తారు. మొనవాడు అలిసిపోకముందే వరస తిరుగుతుంది. నిట్టనిలువునా గొయ్యి తవ్వి అందులో తామే ఇరుక్కునే పద్ధతికి, దీనికీ మధ్య తేడా నిమిషాల్లో. పారలు విరగ్గొట్టి చూసే పరీక్షలూ జరిగాయి. అందంగా, తేలిగ్గా కనిపించేవి బోలెడు వంగాయి, విరిగాయి. చివరికి అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏ పారకి ప్రత్యేకంగా 156 అంకెతో ఒక ప్రమాణం పెట్టాల్సి వచ్చింది. మన అద్దె కొట్లలో ఆ ముద్ర ఉన్న పార చూపించమని అడగండి, తమాషా చూడండి.

మీ పారని పరీక్షించడం చాలా సులువు. టంగ్‌మార్గ్ నుంచి గుల్మార్గ్ వెళ్లే దారి పక్కన మంచు తోసే యంత్రం పోసిన గట్లుంటాయి. గట్టిపడి రాయిలా ఉంటాయి. చరియ మంచుకి అంతకంటే దగ్గరగా ఉండేది మామూలు చోట దొరకదు. అక్కడ అయిదు నిమిషాలు ఆగకుండా తవ్వండి. పిడి జారుతుందా? గొట్టం గుండీ మంచు పట్టి బిగుసుకుపోయిందా? లోహపు పలక కోస్తోందా, ప్లాస్టిక్‌లా ఎగిరెగిరి పడుతోందా? పలక మరీ పెద్దదై మూడో నిమిషానికే నడుం పట్టేసిందా? ఈ అయిదు నిమిషాలు ఏ వీడియో సమీక్షకైనా సాటి. ప్రోబ్ కూడా అంతే. చేతితొడుగులతో విసిరి, తాడు లాగి, బిగించి, ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకోవాలి. రెండు వందల నలభై సెంటీమీటర్లకి తక్కువైతే నా ఉద్దేశంలో కొనొద్దు. మంచు కింద సంచికి తగిలితే ఎలా ఉంటుంది, నేలకి తగిలితే ఎలా ఉంటుంది అన్నది చేతికి తెలియాలి, నోటితో చెబితే రాదు.

పిడి లాగితే ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ సంచి కొన్నవాళ్ల గర్వం ఇంకో రకం. 2014లో పరిశోధకుడు హేగెలీ బృందం చూపిన లెక్క నిజమే. గట్టిగా మంచులో చిక్కుకున్నవాళ్లలో ఎయిర్‌బ్యాగ్ ఉబ్బితే మరణాలు 22 నుంచి 11 శాతానికి, అంటే సగానికి తగ్గాయి. కానీ ఆ పరిశోధనే ఇంకో మాట చెప్పింది. అయిదింట ఒక ఎయిర్‌బ్యాగ్ ఉబ్బలేదు. ఉబ్బని వాటిలో అరవై శాతం, మనిషి పిడి లాగకపోవడం వల్ల. లక్ష రూపాయల సంచి వీపున ఉంది, చేతికి ఆ పిడి ఎక్కడుందో తెలియదు! గ్యాసు మళ్లీ నింపించాలి, డబ్బు దండగ అని ఒక్కసారైనా లాగి చూడనివాడు, కొండ విరుచుకుపడే రెండు సెకన్లలో లాగుతాడా?

ఇంతా చేసినా పరికరం ఎవర్నీ చావునుంచి పూర్తిగా తప్పించదు, ఆ మాట దాచను. బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టాల్లో 1984 నుంచి 2005 దాకా జరిగిన చరియ మరణాల్లో దాదాపు నాలుగోవంతు దెబ్బలవల్లే. చెట్టుకి గుద్దుకున్నవాడికి బీకన్ ఏం చేస్తుంది? డీఆర్‌డీవోకి చెందిన డీజీఆర్‌ఈ ఇచ్చే మంచుచరియల హెచ్చరిక చదివి, ఆ రోజు కొండ ఎక్కకుండా కూర్చోవడం అన్ని పరికరాల కంటే గొప్పది. కానీ దీన్ని అడ్డుపెట్టుకుని "సామాను పరీక్షలు ఎందుకు, జాగ్రత్తగా ఉంటే చాలు" అనేవాళ్లున్నారే, వాళ్ల నోరు మూయించాలి. జాగ్రత్తగా ఉండే మనిషి మొదట చేసే పనే తన సామాను చూసుకోవడం.

మనవాళ్లకి అద్భుతాల మీద మోజు ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో సియాచిన్ సోనమ్ పోస్టు మీద మంచు గోడ కూలి పదిమంది జవాన్లు కూరుకుపోయినప్పుడు, ఆరు రోజుల తర్వాత లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణంతో దొరికాడని టీవీలన్నీ ఊగిపోయాయి. గుడారంలో మిగిలిన కాస్త గాలి అతన్ని అన్నాళ్లు నిలబెట్టింది. మూడు రోజుల్లో అతనూ పోయాడు. మిగతా తొమ్మిదిమందిలో మన కర్నూలు జిల్లా జవాను ఒకరు. ఆ ఆరు రోజుల ముచ్చట ఇప్పటికీ ట్రెక్కింగ్ గుంపుల్లో "చూశావా, ఆశ వదులుకోకూడదు" అంటూ తిరుగుతోంది. ఆ జవాన్లు దేశం నిలబడమన్న చోట నిలబడ్డారు, వాళ్లకి వేరే దారి లేదు. సరదాకి వెళ్లేవాడికి ఆ అద్భుతం మీద ఆశపెట్టుకునే హక్కు లేదు.

కాబట్టి డిసెంబరులో అడ్వాన్సు కట్టేముందు మీ యాత్రా నిర్వాహకుణ్ణి ఒక్కటి అడగండి. మొదటిరోజు పొద్దున, చరియల భయం లేని చదును చోట, సెండ్‌లో పెట్టిన బీకన్‌తో ఒక సంచిని మీటరు లోతులో పూడ్చి, గైడ్‌ను పక్కన కూర్చోబెట్టి, అతను లేడనుకుని, మీ గుంపు మీరు అద్దెకి తీసుకున్న ఆ సామానుతోనే, చేతితొడుగులతోనే, దాన్ని వెతికి తవ్వి తీయాలి. మొదటి అరుపు నుంచి సంచి పైభాగం చేతికి తగిలేదాకా గడియారం నడవాలి. పది నిమిషాలు దాటితే ఆ రోజు కొండ లేదు, మళ్లీ చేయాలి. ఎవరి పార వంగిందో, ఎవరి బీకన్ మూగబోయిందో, ఎవరికి చేతులు వణికాయో అక్కడే తేలిపోతుంది. బ్యాటరీలు మీ ఎదుటే కొత్తవి వేయించండి, తయారీదారు చెప్పినవే వేయించండి. సీరియల్ నంబరు ఫోటో తీసుకుని రీకాల్ జాబితాలో మీరే చూసుకోండి. దీనికంతటికీ సగం పూట చాలు. "టైం లేదు సార్, మిగతావాళ్లు ఒప్పుకోరు, గైడ్ చూసుకుంటాడు" అని ఆయన నీళ్లు నమిలితే డబ్బు కట్టకండి. కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే పోనీండి, ఆ గుంపుతో మాత్రం వెళ్లకండి.